నగరం మారేటప్పుడు ఎవరిని లెక్కిస్తారు?

(నగరాభివృద్ధి, నివాస హక్కులపై జరిగిన సభలో మా బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మా బృందం చేసే పని చాలా చిన్నది. ఎవరి ఇంటికైనా నోటీసు వస్తే దాన్ని చదివి అర్థం చెప్పడం, దరఖాస్తు రాసిపెట్టడం, ఆఫీసుకు తోడు వెళ్ళడం. ఆ పని మీదే ఒకసారి హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఇరుకు గల్లీకి వెళ్ళాం. అక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఒకే గదిలో అద్దెకుంటున్న ఒక ఖాలా ఉన్నారు. లక్క గాజుల మీద రాళ్ళు పొదగడం ఆమె జీవనాధారం. రోడ్డు వెడల్పు కోసం ఇంటికి కొలతలు తీసుకున్నారు. గోడలు, మెట్లు, పైకప్పు రేకులు, ఆఖరికి వాకిట్లోని నీళ్ళ సంపు కూడా కాగితం మీదికి ఎక్కాయి. అన్నీ అయ్యాక ఆమె మమ్మల్ని ఒక్క మాట అడిగారు: "బేటా, ఆ కాగితంలో సంపు ఉంది కదా, నేనెక్కడున్నాను?"

ఆమె ఆ కాగితంలో ఎక్కడా లేరు. నేటి మా ప్రసంగమంతా ఆమె ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నగరం పెరిగేటప్పుడు, క్షీణించేటప్పుడు, మళ్ళీ కట్టేటప్పుడు ఎవరు లెక్కలోకి వస్తారు, ఎవరు రారు అన్నదే మేము మీ ముందు ఉంచదలచిన విషయం.

నగరాన్ని నింపిన చేతులు

గోల్కొండ కోట ఇరుకై, నీటికి కటకటలాడుతున్న కాలంలో మూసీకి దక్షిణాన కొత్త నగరానికి ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో పునాది వేశారు. అంతకు ముందే, 1578లో, నది మీద పురానాపూల్ వంతెన లేచింది. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపే వర్తకమార్గం మీద చార్మినార్ నిలిచింది. నాలుగేళ్ళకే, 1595లో, దారుల్‌షిఫా వైద్యశాల వెలసింది.

పాలకులు వంతెన వేయగలరు, మినార్లు నిలపగలరు. వాటి చుట్టూ ఊరు ఏర్పడాలంటే మాత్రం మనుషులు రావాలి. లక్కను నిప్పుల మీద కరిగించి గాజుగా చుట్టేవారు, వెండిని రేకులుగా కొట్టేవారు, ముత్యానికి బెజ్జం వేసేవారు, అత్తరు అమ్మేవారు, మగ్గం పని చేసేవారు, చత్తాబజార్‌లో శుభలేఖలు అచ్చువేసేవారు వచ్చి స్థిరపడ్డారు. వీరిలో ముస్లిములున్నారు, హిందువులున్నారు, దళితులున్నారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఒక వస్తువుకూ ఒక స్థలానికీ ఉన్న బంధానికి చట్టం వేసిన ముద్ర. ఆ స్థలంలో కూర్చుని గాజు చేసే మనిషికి రేపు అక్కడ చోటుంటుందన్న హామీని మాత్రం ఆ ముద్ర ఇవ్వదు.

వరద తర్వాత ఒక పాఠం

1908 సెప్టెంబర్ 28న మూసీ నది నగరం మీద విరుచుకుపడింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ చెట్టును నేటికీ చూపిస్తారు.

ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పనుల క్రమం మనం గమనించదగినది. ముందుగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరదకు కారణమేమిటో చెప్పమంది. ఆయన సూచన మేరకు నగరానికి ఎగువన జలాశయాలు కట్టించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంటే ప్రమాదం పుట్టే చోటనే దాన్ని ఆపే ప్రయత్నం జరిగింది. ఇటు ఊళ్ళో 1912లో నగరాభివృద్ధి బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు వాడల తొలగింపు, రోడ్ల విస్తరణ మాత్రమే కాక ఇళ్ళు కట్టించడం కూడా ఆ బోర్డు బాధ్యతల్లో భాగమైంది. పత్తర్‌గట్టీలో నేడు మనం చూసే రాతి కమానుల వరుస ఆ కాలపు నిర్మాణమే. కింద దుకాణం, పైన నివాసం అన్న పద్ధతిని రోడ్డు వెడల్పు చేస్తూనే నిలబెట్టవచ్చునని ఆ కట్టడం చూపిస్తుంది.

ఆనాటి పాలన రాచరికం. ఎవరి అభ్యంతరాలనూ వినవలసిన చట్టపరమైన అగత్యం దానికి లేదు. ఆ కాలాన్ని స్వర్ణయుగమని చెప్పడం మా ఉద్దేశం కాదు. రాజు పాలనలో సాధ్యమైన ముందుచూపు రాజ్యాంగం ఉన్న దేశంలో ఎందుకు కొరవడాలన్నదే మా ప్రశ్న.

క్షీణత దానంతట అది రాలేదు

పాతబస్తీ వెనుకబాటును గురించి మాట్లాడేటప్పుడు చాలామంది అక్కడి జనం స్వభావాన్ని కారణంగా చూపుతారు. చరిత్ర అలా చెప్పదు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. సంస్థానం ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారీ పోవడం రైతుకు న్యాయమే. అయితే ఆ దేవిడీలను, ఆ కొలువులను, ఆ సైన్యాన్ని ఆశ్రయించి బతికిన గుమాస్తాలు, సిపాయిలు, వంటవాళ్ళు, దర్జీలు, ముంషీలు వేల సంఖ్యలో ఉన్నారు. వారికి ప్రత్యామ్నాయం చూపినవారు లేరు. ఉర్దూలో నడిచిన కచేరీలు, ఉర్దూలో బోధించిన విశ్వవిద్యాలయం భాష మార్చుకున్నాయి. ఒక తరం చదువుకున్న చదువే చెల్లని నాణెమైంది.

1956లో రాష్ట్రం ఏర్పడ్డాక పాలనా కేంద్రాలు, కొత్త కాలనీలు, కొత్త పరిశ్రమలు ఎక్కువగా నదికి ఉత్తరాన వచ్చాయి. 1998లో సైబర్ టవర్స్‌తో పెట్టుబడి పడమటికి మళ్ళింది. మధ్యలో, 1978 నుంచి 1990 దాకా, అల్లర్లు, కర్ఫ్యూలు జనాన్ని ప్రాంతాలవారీగా విడదీశాయి. భయపడి కొందరు నదికి అటు వెళ్ళారు, భయపడి కొందరు ఇటు వచ్చారు. కులీ కుతుబ్ షా పేరిట 1981లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నా, పెట్టుబడి ప్రవాహం దిశ మారలేదు.

మెట్రో కథ ఇందుకు తాజా ఉదాహరణ. మొదటి దశలో సుమారు 69 కిలోమీటర్ల మార్గం 2020 ఫిబ్రవరి నాటికి పూర్తయింది. ఇమ్లీబన్ నుంచి ఫలక్‌నుమా వరకు సుమారు 5.5 కిలోమీటర్లు మాత్రం మిగిలిపోయింది. నగరమంతటికీ వచ్చిన రైలు చార్మినార్ గడప దగ్గర ఆగింది.

సచార్ కమిటీ 2006 నివేదికను గుర్తుచేసుకుందాం. 2001 జనగణన ప్రకారం దేశ ముస్లిములలో 35.7 శాతం మంది పట్టణవాసులు. దేశ సగటు 27.8 శాతం మాత్రమే. సొంత చేతివృత్తుల మీద, చిన్న వ్యాపారాల మీద ఆధారపడేవారు మనలో ఎక్కువని కూడా ఆ నివేదిక తేల్చింది. కాబట్టి నగరంలో ఒక రోడ్డు కదిలితే మన ఇల్లూ, మన పనీ రెండూ ఒకేసారి కదులుతాయి. ఇది హైదరాబాద్‌కే పరిమితం కాదు. మీ ఊళ్ళో బస్టాండు వెనక వీధి వెడల్పు చేసినా జరిగేది ఇదే.

నేటి పునర్నిర్మాణం

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి సుమారు 7.5 కిలోమీటర్లుగా నిర్ణయించారు. రోడ్డును 100 అడుగులకు, స్టేషన్ల వద్ద 120 అడుగులకు వెడల్పు చేయాలన్నది ప్రణాళిక. ఆస్తులు కోల్పోయేవారికి చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారం ప్రకటించారు.

మేము మెట్రోకు వ్యతిరేకులం కాము. ఈ మాట గట్టిగా చెప్పదలచాం. మన ఆడపిల్ల కాలేజీకి భద్రంగా వెళ్ళాలన్నా, మన యువకుడు పడమటి దిక్కున ఉన్న ఉద్యోగానికి సకాలంలో చేరాలన్నా ఆ రైలు రావాలి. దాని కోసం ఇన్నేళ్ళు అడిగింది మనమే. అయితే గజానికి కట్టే ధర ఎంత ఉదారమైనదైనా అది గజం యజమానికే చెందుతుంది. ఆ గజం మీద అద్దెకుండే కుటుంబం, పగిడీ ఇచ్చి ముల్గీ తీసుకున్న చిన్న దుకాణదారు, ఆ దుకాణంలో పనిచేసే కుర్రవాడు, ఆ అరుగు మీద తోపుడుబండి నిలుపుకునే వ్యాపారి, వీరు గజాల లెక్కలో పట్టరు.

ఇక మూసీ. 2024 సెప్టెంబర్‌లో నది ఒడ్డు బస్తీల్లో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేశారు. అక్టోబర్ ఆరంభంలో చాదర్‌ఘాట్ పరిసరాల్లోని మూసానగర్, శంకర్‌నగర్‌లలో కూల్చివేతలు మొదలయ్యాయి. ఖాళీ చేసినవారికి రెండు పడక గదుల ఇళ్ళు ఇచ్చారు. నదీగర్భంలో నివాసం ప్రమాదకరమని మేమూ అంగీకరిస్తాం. 2020 అక్టోబర్ వరదను మన కళ్ళతో చూశాం. 2025 సెప్టెంబర్‌లో ఇమ్లీబన్ బస్టాండే నీట మునిగింది. అక్కడ పిల్లలను పెట్టుకుని ఏ తల్లీ ఇష్టంగా ఉండదు.

అయినా రెండు మాటలు అడగక తప్పదు. మొదటిది, బరువు ఎవరి మీద పడుతోంది? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై ఆంక్షలు విధిస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో మరో జీవో వెలువడింది. ఎగువన ఆంక్ష సడలి, దిగువన గుడిసె కూలితే దాన్ని నది సంరక్షణ అనగలమా? మూసీని మురికి చేసింది నగరం మొత్తం. దాని ఒడ్డున ఎనభై గజాల్లో ఉన్నవాడు ఒక్కడే కాదు.

రెండవది, ఇల్లు ఎక్కడ ఇస్తున్నారు? చాదర్‌ఘాట్ నుంచి కదిలిన కుటుంబాల్లో కొన్నింటికి మలక్‌పేట పిల్లిగుడిసెల సముదాయంలో, అంటే పాత ఇంటికి దగ్గరలోనే, ఇళ్ళు దొరికాయి. ఇది మంచి పని. దగ్గరలో ఇవ్వడం సాధ్యమేనని ప్రభుత్వమే నిరూపించింది. నగర శివార్లలో ఇల్లు పొందిన కుటుంబానికి 560 చదరపు అడుగుల పక్కా ఇల్లు వస్తుంది గాని, బేగంబజార్‌లో మూటలు మోసే తండ్రికి రోజుకు రెండు బస్సుల ఖర్చు కూడా వస్తుంది. నాలుగిళ్ళలో పాచిపని చేసే తల్లికి ఆ నాలుగిళ్ళూ పోతాయి. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్ల విద్యాసంవత్సరం మధ్యలో బడి మానేస్తుంది. మానేసిన పిల్ల తిరిగి బడికి వెళ్ళే అవకాశం ఎంత తక్కువో మీకు వేరే చెప్పనక్కరలేదు.

చట్టం మనకిచ్చిన చోటు

గాజుల ఖాలా ప్రశ్నకు చట్టంలో జవాబుంది. 2013 భూసేకరణ చట్టం "బాధిత కుటుంబం" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం యజమానితో ఆగిపోదు. పట్టణ ప్రాంతంలో సేకరణకు ముందు మూడేళ్ళు లేదా అంతకుమించి ఆ భూమి మీద నివసిస్తున్న కుటుంబం, మూడేళ్ళుగా దాని మీదే ప్రధాన జీవనాధారం ఉన్న కుటుంబం కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. చేతివృత్తులవారికి, చిన్న దుకాణదారులకు ఒకసారి చెల్లించే కనీసం 25,000 రూపాయల సహాయం ఆ చట్టం రెండవ షెడ్యూలులో ఉంది. ఆమె అక్కడ ఉన్నది మూడేళ్ళు కాదు, పద్దెనిమిదేళ్ళు.

అయితే దారిలో ముళ్ళున్నాయి. మౌలిక సదుపాయాల వంటి ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించేందుకు వీలుగా తెలంగాణ 2017లో ఆ చట్టానికి సవరణ చేసింది. ప్రభావ అంచనా అంటే గడప గడపకూ వెళ్ళి ఎవరికి ఏమి పోతుందో రాయడం. అది తప్పిపోతే అద్దెదారు తప్పిపోతాడు. యజమానితో నేరుగా ధర మాట్లాడుకుని సంతకం చేయించుకునే పద్ధతిలోనూ ఇదే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రభుత్వం చేయని లెక్కను మనమే చేసి ప్రభుత్వం ముందు పెట్టాలి.

వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని తొలగించరాదని అది చెబుతుంది. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల నుంచే ఎన్నికై ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే ప్రకటించింది.

2024 నవంబర్ 13న బుల్డోజర్ కూల్చివేతలపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మనవారు చాలామంది గుర్తుపెట్టుకున్నారు. 15 రోజుల ముందు నోటీసు, రిజిస్టర్డ్ పోస్టు, స్వయంగా వాదన చెప్పుకునే అవకాశం అందులో ఉన్నాయి. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, నది, చెరువు వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార నిర్మాణాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. మూసీ ఒడ్డు కుటుంబానికి ఆ తీర్పు కాగితం చూపి ధైర్యం చెబితే రేపు ఆ కుటుంబం మోసపోతుంది. అందుకే వారికి కావలసింది పునరావాస హక్కు మీద పోరాటం. తెలిసీ తెలియని చట్టం మాటలతో భరోసా ఇవ్వడం మానుకుందాం.

మన ఇంటి లెక్క

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం కూడా అడుగుదాం. ఈ మాట కొందరికి కష్టంగా ఉండవచ్చు, క్షమించండి.

మన పాత ఇళ్ళలో చాలావాటికి తాతల పేరిట ఉన్న కాగితమే ఇప్పటికీ ఆధారం. పంపకాలు జరగలేదు, పేర్లు మారలేదు. పరిహారం మాట వచ్చేసరికి అన్నదమ్ములు కూర్చుని కాగితాలు సరిచేసుకుంటారు. ఆ కూర్చోవడంలో అక్కచెల్లెళ్ళు ఉండరు. "పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా" అన్న ఒక్క మాటతో షరీఅత్ నిర్ణయించిన వాటాను తుడిచేయడం మేము చూశాం. విరాసత్‌లో ఆమెకు హక్కు ఇచ్చినది అల్లాహ్. దాన్ని మాఫీ చేయించుకోవడానికి సంతకం పట్టుకుని వెళ్ళే అన్న, తన పేరు కాగితంలో లేదని ప్రభుత్వాన్ని ఏ నోటితో నిలదీస్తాడు?

అలాగే యజమానుల్లోనూ మనవాళ్ళున్నారు. పరిహారం రాగానే ఏళ్ళ తరబడి అద్దె కట్టిన మనిషికి అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వకుండా ఖాళీ చేయించిన వారున్నారు. వక్ఫ్ ముల్గీలను నామమాత్రపు అద్దెకు పట్టుకుని పై అద్దెకు ఇచ్చుకునే వారూ ఉన్నారు. ముతవల్లీలకు మా మనవి ఒకటే. మస్జిదు, ఆషూర్‌ఖానా, ఖబ్రస్తాన్ ఏదైనా సరే, హద్దులు, గెజిట్ ప్రతి, రిజిస్ట్రేషన్ పత్రం ఈరోజే చూసుకోండి. 2025 సవరణ చట్టం తర్వాత నోటిమాట ఆధారంగా వక్ఫ్‌ను నిలబెట్టడం మునుపటికన్నా కష్టం.

మనం చేయదగినవి

మొదటిది, మొహల్లా వారీగా కుటుంబాల రిజిస్టరు. యజమాని, అద్దెదారు, ముల్గీదారు, ఇంట్లో పనిచేసే కారిగర్, అందరి పేర్లూ. ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఏ పని చేస్తారు, పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు అన్న వివరాలతో. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్ నకళ్ళు జతచేయాలి.

రెండవది, ఈ రిజిస్టరులో మతం చూసి పేరు రాయకూడదు. మూసీ ఒడ్డున మనకు పక్కింటివారు దళితులు, బెస్తలు, వలస కూలీలు. గోడ మీది ఎర్ర గుర్తు ఎవరి మతాన్నీ అడగలేదు. వారు లేకుండా మనం గెలవలేం. గెలిచినా అది న్యాయం కాదు.

మూడవది, మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ముందు ఇల్లు, తర్వాత కూల్చివేత. ఇల్లు పని స్థలానికి దగ్గరలో. విద్యాసంవత్సరం ముగిసేదాకా గడువు. కొత్త రోడ్డు పక్కన కట్టే దుకాణాల్లో తొలి హక్కు పాత ముల్గీదారుకూ, కారిగర్‌కూ. రాతపూర్వకంగా లేని హామీని హామీగా లెక్కించవద్దు.

మిత్రులారా, సీరత్‌లో మనందరికీ తెలిసిన ఒక ఘట్టం ఉంది. దైవప్రవక్త (స) మదీనా చేరాక మస్జిదు కోసం ఎంచుకున్న స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నారు. ఆయన అంగీకరించలేదు, వెల చెల్లించి తీసుకున్నారు. కట్టబోయేది అల్లాహ్ గృహం, ఇచ్చేవారు సంతోషంగా ఇస్తున్నారు, అడిగేవారు స్వయంగా ప్రవక్త. అయినా అనాథల లెక్క తేలిన తర్వాతే నేల చేతులు మారింది. ఒక నగర నిర్మాణం అక్కడ మొదలైంది. ప్రజాప్రయోజనం ఎంత గొప్పదైనా బలహీనుడి హక్కును దాటి ముందుకు పోరాదన్న నియమానికి మనకు ఇంతకన్నా ఆధారం అవసరం లేదు.

గాజుల ఖాలా తరఫున ఒక దరఖాస్తు రాశాం. అందులో ఆమె పేరు, భర్త పేరు, ఆమె చేసే పని, ఆమె ఉన్న పద్దెనిమిదేళ్ళూ రాశాం. కరెంటు బిల్లు యజమాని పేరిట ఉంది కాబట్టి ఆమె కూతురి బడి సర్టిఫికెట్‌ను చిరునామాకు ఆధారంగా పెట్టాం. రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. ఆ రసీదును ఆమె ఖురాన్ గ్రంథం ఉంచే అలమారలో దాచుకున్నారు. తన పేరు మీద ఆ ఊరు ఇచ్చిన తొలి కాగితం అదేనట.

ఇక్కడి నుంచి ఇళ్ళకు వెళ్ళాక మీ గల్లీలో అలాంటి పేరు ఒక్కటైనా కాగితం మీదికి ఎక్కించండి. మేము కోరేది ఇంతే.

వస్సలాము అలైకుమ్.